పరిచయంలో ఇంకా అచ్చు కాని ఆలోచన రాయాలా, వద్దా?

వేరుశనగ_అనంత: పీహెచ్‌డీ చివరికొచ్చింది. పోస్ట్‌డాక్‌లకు (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగాలకు) అప్లై చేసేముందు సొంత సైట్‌లో పరిచయం పెట్టుకుంటున్నాను. ఇలా రాశాను: "కాయ ఊరే దశలో బెట్ట తగిలితే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ బూజు వేరుశనగలోకి ఎలా చొరబడుతుందో చూస్తున్నాను. కొన్ని రకాల్లో ఆ బూజు విషం అఫ్లాటాక్సిన్ ఎందుకు తక్కువగా చేరుతుందో గింజ పై పొట్టులో వెతకాలని ఉంది." రెండో వాక్యం మీద ఇంకా పేపర్ రాలేదు. ఉంచనా, తీసెయ్యనా?

పాత_పంతులు: తీసెయ్యండమ్మా. అచ్చయిన పని చెప్పండి, చాలు. యెల్లాప్రగడ సుబ్బారావు గారు పరిచయాలు రాసుకున్నారా? భీమవరంలో పుట్టి, హార్వర్డ్‌లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ మీద, లెడర్లీ మందుల కంపెనీలో క్యాన్సర్‌కి వాడే యాంటీఫోలేట్ మందుల మీద అంత పని చేశారు. పనే మాట్లాడింది.

బెంచ్_మీద: ఎక్కడ మాట్లాడింది సార్? హార్వర్డ్ ఆయనకు పర్మనెంట్ పోస్టు కూడా ఇవ్వలేదు. ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ఇప్పటికీ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటున్నామంటే 1925 పేపర్ మీద ఆ పేరు ఉండబట్టే.

గోదారి_గట్టు: ముందు జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్ పరీక్ష) ర్యాంక్ రాయండి.

బెంచ్_మీద: బయటి దేశాల వాళ్లకు ఆ ర్యాంక్ గురించి ఏం తెలుస్తుంది?

గోదారి_గట్టు: నన్ను ఇంటర్వ్యూకి పిలిచింది ర్యాంక్ చూసే. కష్టపడి తెచ్చుకున్నది దాచుకోవడం దేనికి?

పాత_పంతులు: ర్యాంక్ సంగతి తర్వాత. నా స్టూడెంట్ ఒకమ్మాయి చేయబోయే పనంతా ఓ సెమినార్‌లో పోస్టర్ మీద పెట్టింది. ఏడాది తిరక్కుండానే వేరే ల్యాబ్ నుంచి అదే ప్రయోగం పేపరై వచ్చింది. వాళ్లకు మనుషులున్నారు, డబ్బుంది. ఈమెకు ఉన్నది ఒక్క ఇంక్యుబేటర్, అదీ వంతుల మీద. ఆ పిల్ల ఎంత ఏడ్చిందో నాకు తెలుసు.

బెంచ్_మీద: ఆమె పెట్టింది ప్రయోగం, ఈమె రాస్తున్నది ప్రశ్న. గింజ పొట్టుకీ ఈ బూజుకీ ఉన్న సంబంధం మీద ఇప్పటికే చాలామంది పని చేస్తున్నారు. ఏ రకాలు, ఏ జన్యువులు అన్నది బయటపెట్టకపోతే చాలు.

పాత_పంతులు: ఆ ప్రశ్న మాత్రం ఆమె ఒక్కదానిదా? గ్రాంట్ తెచ్చింది గైడ్. విత్తనాలు ల్యాబ్‌వి. రేపు వెళ్లిపోతూ ప్రశ్నని కూడా పట్టుకుపోతుందా?

బెంచ్_మీద: ఇదీ అసలు సంగతి! మీ భయం దొంగల గురించి కాదు. నేను ల్యాబ్ వదిలేటప్పుడు మా గైడ్ కూడా ఇదే మాటన్నారు. రాత్రిళ్లు కూర్చుని నేను ఆలోచించిన సమస్యను ఇంకో స్టూడెంట్‌కి ఇచ్చేసి, ఇక దాని ఊసెత్తొద్దన్నారు. ఏళ్ల తరబడి చాకిరీ చేశాక నాకేది ఇష్టమో చెప్పుకునే హక్కు కూడా ఉండదా?

పాత_పంతులు: మీ గైడ్ మీద కోపం నా మీద చూపించకండి. వెళ్లేవాళ్లంతా తలా ఒకటి పట్టుకుపోతే తర్వాత చేరిన పిల్లకి థీసిస్‌కి ఏం మిగులుతుంది? ఆ పిల్ల గురించి ఎవరూ అడగరు.

సీతాకోక: మా ల్యాబ్‌లో ఎవరు ఏది తీసుకెళ్తారో వెళ్లేముందే ఈమెయిల్‌లో రాసుకుంటాం.

వేరుశనగ_అనంత: సార్, ఈ ప్రశ్న నాకు ల్యాబ్‌లో పుట్టలేదు. మాది అనంతపురం దగ్గర పల్లె. కాయలకు బూజు పట్టిందని మార్కెట్ యార్డువాళ్లు మా నాన్న బస్తాల్ని తిప్పి పంపేశారు. రెండు రకాలూ ఒకే కళ్లంలో ఎండినవే, ఒకదానికే ఎందుకు పట్టిందో అప్పట్నుంచీ నాకు తెలుసుకోవాలని ఉంది. వాక్యం ఉంచుతున్నాను. రకాల పేర్లు రాయను. ల్యాబ్ పని ల్యాబ్ పేరుతోనే ఉంటుంది. ముందు గైడ్ గారికి చూపిస్తాను.

పాత_పంతులు: చూపించండి. ఆయన వద్దంటే?

వేరుశనగ_అనంత: ఎందుకు వద్దో అడుగుతాను సార్.