బొబ్బిలి వీణని హైదరాబాద్ తీసుకెళ్ళనా, ఇక్కడే ఎవరికైనా ఇచ్చెయ్యనా? సలహా కావాలి

విజయనగరం టీచరమ్మ:

అందరికీ నమస్కారం. నేను రిటైరైన తెలుగు టీచర్ని, మాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర ఇల్లు. ఈ దసరా అయ్యాక ఇల్లు అమ్మేసి హైదరాబాద్ మియాపూర్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాం. అబ్బాయి, కోడలు ఎప్పట్నించో రమ్మంటున్నారు, మాకూ ఓపిక తగ్గింది, అందుకని వెళ్ళాలా వద్దా అన్నది కాదు నా ప్రశ్న. వీణ గురించి.

1974లో మా నాన్నగారు బొబ్బిలి దగ్గర వీణలు చేసే గొల్లపల్లి వెళ్ళి ఆర్డరిచ్చి చేయించిన ఏకాండి వీణ ఇది, ఒకే పనస దుంగలోంచి తొలిచింది. అప్పట్లో మేం నలుగురు స్నేహితురాళ్ళం మహారాజా సంగీత కళాశాలలో వీణ నేర్చుకునేవాళ్ళం. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా చేసిన కాలేజీ, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోటు, ఘంటసాల, సుశీల చదివిన చోటు, అక్కడ సరళీ స్వరాలు, అంటే మొట్టమొదటి పాఠాలు, తప్పు వాయించినా మాకు గర్వంగానే ఉండేది. నలుగురిలో సొంత వీణ నాకొక్కదానికే ఉండేది కాబట్టి సాధనంతా మా ఇంట్లోనే, ఒకళ్ళు వాయిస్తుంటే మిగతా ముగ్గురం తాళం వేసేవాళ్ళం. విశాఖపట్నం రేడియోలో వీణ కచేరీ వస్తుందని తెలిస్తే ఆ పూట నలుగురం మా వంటింట్లోనే.

తర్వాత పెళ్ళిళ్ళు, ఉద్యోగాలు, తలో ఊరు. కానీ దసరా అవ్వగానే జరిగే మా పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి మాత్రం ఎక్కడున్నా వచ్చేవాళ్ళు. పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఆ పొడవాటి మాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరగడం మా మేడ మీంచి చూసి, దణ్ణం పెట్టుకుని, జనం పల్చబడ్డాక రాత్రి వీణ తీసి కూర్చునేవాళ్ళం. మాలో అందరికన్నా బాగా వాయించేది పోయినేడు మాఘంలో చనిపోయింది. వీణ మెడ, అదే దండి, మీద తన గాజుల రాపిడికి పాలిష్ పోయి తెల్లబడిన చోటు ఇప్పటికీ అలాగే ఉంది, నేను ఎప్పుడూ పాలిష్ వేయించలేదు. మిగిలిన ఇద్దరిలో ఒకామె న్యూజెర్సీలో కూతురి దగ్గర, ఇంకొకామె శ్రీకాకుళంలో. పోయిన సిరిమానుకి ఎవ్వరూ రాలేదు, నేనూ రమ్మని గట్టిగా అడగలేకపోయాను.

మావారు గుడికి ఇచ్చేద్దామంటారు. అబ్బాయి హాల్లో గోడకి పెడదాం, ఇంటికి అందం అంటాడు. వాడి ప్రేమ నాకు తెలుసు గానీ దాన్ని అలంకారంగా చూడడం నావల్ల కాదు. పోనీ వాయిద్దామా అంటే చేతి వేళ్ళు మునపట్లా లేవు. ఏటి చెయ్యాలో తోచటం లేదు, ఇలాంటిది దాటినవాళ్ళు ఎవరైనా చెప్తారా?

గొల్లపల్లి పక్కూరు:

టీచరమ్మ గారూ ముందు వీణ సంగతి చెప్తా, మిగతాది పెద్దవాళ్ళు చెప్తారు. గోడకి మాత్రం వేలాడదియ్యొద్దు, అంత బరువు ఒకే చోట పడుతుంది, పైగా ఏసీ గాలి నేరుగా తగిలితే కర్ర పగుళ్ళు పట్టే ప్రమాదం ఉంది. ఇన్నేళ్ళ వీణ కదా, వెళ్ళేముందు ఒకసారి గొల్లపల్లి తీసుకొచ్చి మేళం, అంటే మైనం మీద మెట్ల అమరిక, మళ్ళీ కట్టించండి. 24 మెట్లూ మైనం మీదే కదా నిలబడేది, పాత మైనం ఎండిపోయి బీట్లిస్తుంది, అలాంటప్పుడు ఎంత బాగా మీటినా స్వరం పలకదు, మీరేమో నా వేళ్ళే పోయాయి అనుకుంటారు. వేళ్ళ సంగతి ఆ తర్వాత తేల్చుకోండి.

తీసుకెళ్ళేటప్పుడు సామాన్ల లారీలో వెయ్యొద్దండీ దయచేసి. ఎండకి లారీలో వేడెక్కితే మైనం మెత్తబడి మెట్లు కదిలిపోతాయి. తీగలు కొంచెం వదులు చేసి, తెంచకుండా, సొరబుర్ర విప్పి విడిగా గుడ్డలో చుట్టి, తీగలు ఆనే గుర్రం కింద మెత్తటి గుడ్డ పెట్టి, దండి చివరనున్న యాళి బొమ్మ తలకి దూది కట్టి, మీతో పాటే రైల్లో తీసుకెళ్ళండి. విశాఖ ఎక్స్‌ప్రెస్ మీ ఊళ్ళో ఆగుతుంది, లోయర్ బెర్త్ మీద గోడవైపు పెట్టుకుంటే సరిపోతుంది.

వయొలిన్ తాతయ్య:

అమ్మా, నేను రాజమండ్రి నుంచి బెంగళూరు వచ్చేసినవాణ్ణి. బ్యాంకులో చేసి రిటైరయ్యాను, గోదావరి గట్టు మీద సాయంత్రం పూట కలిసే మా బ్యాచ్‌ని వదిలి రావడమే నాకు కష్టమైంది, ఇల్లు వదలడం అంత అనిపించలేదు. మీ బాధ అర్థమైంది.

ఒకటి చెప్తాను, ఫ్రెండ్స్‌తో వీడియో కాల్‌లో కలిసి వాయిద్దామని మాత్రం మొదలుపెట్టకండి, కుదరదు. నెట్‌లో శబ్దం ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరేసరికి కాస్త లేటవుతుంది, మాటలకి అది తెలీదు గానీ తాళానికి తెలిసిపోతుంది, ఇద్దరూ ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఆగుతూ ఆగుతూ చివరికి చౌకంలోకి, అంటే మరీ నెమ్మది లయలోకి, జారిపోతారు. మేం ఆ చిరాకుతో మానేద్దామనుకున్నాం. ఇప్పుడు ఒకళ్ళు వాయిస్తారు, మిగతావాళ్ళు మైక్ ఆపి వింటారు, అయ్యాక మాట్లాడుకుంటాం. మీరు చిన్నప్పుడు చేసిందీ అదే కదమ్మా, ఒక్క వీణ, ముగ్గురు తాళం. మీకిది కొత్త కాదు. న్యూజెర్సీ వాళ్ళకి మనకి చలికాలంలో పదిన్నర గంటల తేడా, మన పొద్దున్న ఏడు అంటే వాళ్ళకి ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, ఇద్దరికీ వీలైన టైమే.

వేళ్ళ విషయం, మొదట్లో వేలి కొసలు మండుతాయి, గట్టిపడేదాకా రోజూ కాసేపే వాయించండి. కీర్తనలకి పోకుండా మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలే, విలంబంలో, నిదానంగా. నాకు వయొలిన్ మీద అదే పని చేసింది. చనిపోయినావిడ లేని లోటు తీరుతుందని నేను అబద్ధం చెప్పను. మా మృదంగం అతను పోయాక మేం ఇంకొకర్ని తెచ్చుకోలేదు, ఆ పక్క ఖాళీగానే ఉంచి వాయించుకుంటున్నాం.

కూకట్‌పల్లి కోడలు:

ఆంటీ, నేను కోడలి వైపు నుంచి చెప్తున్నా. మా అత్తయ్యగారు కాకినాడ నుంచి వచ్చేటప్పుడు తన సామాన్లన్నీ పంచేసి రెండు సూట్‌కేసులతో వచ్చారు, మాకు ఇబ్బంది కాకూడదని. తర్వాత చాన్నాళ్ళు సొంత ఇంట్లో కాకుండా ఎవరింటికో వచ్చినట్టు ఉండేవారు, నాకు చాలా బాధేసేది, ఏం చెయ్యాలో తెలిసేది కాదు. మీరు అలా రావొద్దు ప్లీజ్. మీ అబ్బాయిని గోడ కాదు, చాప పరుచుకునే చోటు అడగండి, కిటికీ పక్కన ఓ మూల చాలు. ఏ టైమ్‌లో వాయిస్తారో కూడా ముందే చెప్పేయండి, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు అవీ ఉంటాయి కాబట్టి ఇంట్లో అందరికీ తెలుస్తుంది. అడిగితే మాకు బరువనిపించదు ఆంటీ, అడక్కుండా ఊరుకుంటేనే కష్టం.

ఇంకోటి, మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ఎక్కడా మారక్కర్లేదు, అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే రవీంద్రభారతి దగ్గరే. కచేరీలకి అంకుల్‌ని తీసుకుని వెళ్ళిరావచ్చు.

సాలూరు మాస్టారు:

నేను వేరేగా అనుకుంటున్నాను, తప్పుగా అనుకోవద్దు. వాయించని వీణ ఉండీ లాభం లేదు. మన వైపు నేర్చుకోవాలని ఉండి వీణ కొనలేని పిల్లలు చాలామంది ఉన్నారు, మంచి ఏకాండి వీణ కొనాలంటే మామూలు ఇంటికి మాటలు కాదు. గుడికిస్తే మూల పడుతుంది, అది మాత్రం చెయ్యకండి. ఒక ఏడాది గడువు పెట్టుకోండి, రోజూ వాయిస్తే మీదే, లేదంటే కాలేజీలో అడిగి నేర్చుకునే పిల్లకి ఇవ్వండి. మీ నలుగురూ కూర్చున్న వీణ మీద ఇంకో పిల్ల వర్ణం వాయిస్తే పోయినావిడకి అంతకన్నా ఏం కావాలి?

విజయనగరం టీచరమ్మ:

అందరివీ రెండేసి సార్లు చదివాను, మావారికి పైకి చదివి వినిపించాను. మాస్టారు గారూ మీ మాట గుచ్చుకుంది, కానీ నిజమే. ఏడాది గడువుకి ఒప్పుకుంటున్నాను. అమ్మాయ్ కూకట్‌పల్లి, మా కోడలికి ఫోన్ చేసి కిటికీ పక్క చోటు అడిగాను, బాల్కనీ తలుపు దగ్గర ఉన్న షూ ర్యాక్ తీసేస్తానంది, మనవరాలు పక్కనుంచి నాకూ నేర్పిస్తావా అని అరుస్తోంది.

శ్రీకాకుళం ఆమెతో మాట్లాడాను, ఈ సిరిమానుకి తప్పకుండా వస్తానంది, ఆ ఇంట్లో ఆఖరిసారి కాబట్టి. న్యూజెర్సీ ఆమెని ఫోన్‌లో కూర్చోబెడతాం. దసరాలకి అక్కడ ఇంకా చలికాలం టైమ్ మొదలవదు కదా తాతయ్యగారూ, అప్పుడు తేడా తొమ్మిదిన్నరేనా?

గొల్లపల్లి బాబూ, మేళం కట్టించడానికి ఎన్నాళ్ళు పడుతుందో, ముందే ఫోన్ చేసి రావాలో చెప్పు నాయనా. సిరిమాను లోపలే వీణ నా చేతికి రావాలి.