ఐ5-7400 మీద ఆర్‌టీఎక్స్ 3060: ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే చాలా, బోర్డు కూడా మార్చాలా?

పాత_డబ్బా:
అన్నలూ, సిస్టమ్ వివరాలు ఇవి. ఐ5-7400 ప్రాసెసర్, బి250 చిప్‌సెట్ ఉన్న మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు) మదర్‌బోర్డు, 8+8 జీబీ డీడీఆర్4 ర్యామ్ (టాస్క్ మేనేజర్‌లో 2400 అని చూపిస్తోంది), ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్, 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీలో విండోస్ 10. మానిటర్ 1080పీ, 144 హెర్ట్జ్.

వాలరాంట్‌లో నలుగురైదుగురు ఒకేచోట పడితే ఫ్రేములు ఒక్కసారిగా పడిపోయి జర్క్ వస్తోంది. జీటీఏ 5లో బండి స్పీడుగా నడిపినా అంతే. అప్పుడు ప్రాసెసర్ 100 శాతం, కార్డు 45-50 శాతం చూపిస్తోంది. షాపులో సెకండ్ హ్యాండ్ ఐ7-7700 వేయిస్తే సరిపోతుంది, బోర్డు ముట్టుకోనక్కర్లేదు అంటున్నారు. నిజమేనా?

సాకెట్_శాస్త్రి:
వద్దు తమ్ముడూ. 7700 అంటే నీ 7400లో ఉన్న నాలుగు కోర్లే, థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు) ఎనిమిది అవుతాయి, క్లాక్ కాస్త పెరుగుతుంది. జర్క్ కొంత తగ్గుతుంది కానీ అది కూడా 7వ తరమే కాబట్టి విండోస్ 11 లిస్టులో లేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆ డబ్బు బూడిదలో పోసినట్టే. 8వ తరం ప్రాసెసర్లు కూడా అదే 1151 సాకెట్‌లో కూర్చుంటాయి గానీ 300 సిరీస్ చిప్‌సెట్ బోర్డు ఉంటేనే పనిచేస్తాయి, బి250 మీద లేవవు. కాబట్టి బోర్డు మారాల్సిందే.

కొనేముందు ఒక్క పరీక్ష చెయ్. అదే మ్యాప్‌లో, అదే చోట రిజల్యూషన్‌ని 1080 నుంచి 720కి దించి చూడు. ఫ్రేములు పెరగకపోతే అడ్డం పడుతున్నది ప్రాసెసరే. పెరిగితే కార్డు.

నీ చేతిలో డీడీఆర్4 ర్యామ్ ఉంది, దాన్ని పారేయకుండా చూసుకో. అలా చూస్తే రెండే దారులు:

ఏఎండీ రైజెన్ 5 5600 + బి550 బోర్డు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, కూలర్ డబ్బాలోనే వస్తుంది. పేర్లతో జాగ్రత్త. 5500, 5600జీ కూడా ఆరు కోర్లవే, కానీ వాటిలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ) 16 ఎంబీ, 5600లో 32 ఎంబీ. గేముల్లో తేడా అక్కడే తెలుస్తుంది. "ఒకటే సార్, గ్రాఫిక్స్ కూడా ఉంది" అని 5600జీ అంటగడతారు. నీకు కార్డు ఉంది, ఆ గ్రాఫిక్స్‌తో పనేముంది?

ఇంటెల్ ఐ5-12400ఎఫ్ + బి660 లేదా బి760 బోర్డు. ఇదీ ఆరు, పన్నెండే. ఈ చిప్‌సెట్ బోర్డులు డీడీఆర్4వి వేరు, డీడీఆర్5వి వేరు. డబ్బా మీద డీడీఆర్4 అని చూసి తీసుకో, ఒకదాని ర్యామ్ ఇంకోదాని స్లాట్‌లో పట్టదు.

రెండింటిలో ఏది చవగ్గా వస్తే అది. రెండూ విండోస్ 11కి పనికొస్తాయి.

ఫ్రేమ్_పిచ్చోడు:
ఇప్పుడు ఏఎం4 (5600 కూర్చునే పాత సాకెట్) కొనడం అంటే ఆఖరి స్టేషన్‌కి వచ్చేసిన రైలెక్కడమే. రైజెన్ 5 7600, బి650 బోర్డు, డీడీఆర్5 తీసుకుంటే రేపు ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుంటే చాలు. ఏఎం5 సాకెట్‌ని 2027, ఆ తర్వాత కూడా నడుపుతామని ఏఎండీయే చెప్పింది.

సాకెట్_శాస్త్రి:
మామూలు రోజుల్లో అయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. కానీ 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. 16 జీబీ ర్యామ్ ఇంట్లో పెట్టుకుని మళ్లీ డీడీఆర్5 కొనడం దండగ. పైగా 3060కి 5600 ఎక్కడా తక్కువ కాదు. కార్డు మార్చే ఆలోచన ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

ఇంకో మాట. బి250 మీద 7వ తరం ప్రాసెసర్ ఉంటే ర్యామ్ 2400 దాటదు, స్టిక్ 3200ది అయినా సరే. కాబట్టి టాస్క్ మేనేజర్ చూపే అంకె నమ్మకు. స్టిక్ మీద స్టిక్కర్ చూడు, లేదా సీపీయూ-జడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌పీడీ ట్యాబ్ తెరువు. ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని అసలు వేగంతో నడిపే సెట్టింగ్) 3000 లేదా 3200 అని ఉంటే నీ పంట పండినట్టే. రైజెన్‌లో లోపలి ఫ్యాబ్రిక్ (ప్రాసెసర్ భాగాలను కలిపే దారి) వేగం ర్యామ్ వేగంలో సగంగా నడుస్తుంది: 3200కి 1600, 2400కి 1200. నిజంగా 2400 స్టిక్కులే అయితే పని ఆగదు, కొన్ని ఫ్రేములు పోతాయి, అంతే.

బయోస్_బాబాయ్:
స్క్రూడ్రైవర్ పట్టేముందు సాఫ్ట్‌వేర్ సంగతి తేల్చుకోండి. బోర్డు మార్చాక "విండోస్ రావట్లేదు" అనే గోలలో సగం ఇక్కడే పుడుతుంది.

రన్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 కొట్టి "బయోస్ మోడ్" దగ్గర ఏముందో చూడండి. యూఈఎఫ్‌ఐ (సిస్టమ్ లేచే కొత్త పద్ధతి) అని ఉంటే హాయి. లెగసీ (పాత పద్ధతి) అని ఉంటే ఎస్‌ఎస్‌డీ ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉన్నట్టు. కొత్త బోర్డులో సీఎస్‌ఎం (పాత పద్ధతిలో లేవనిచ్చే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంటే ఆ డ్రైవ్ బూట్ లిస్టులోనే కనపడదు. దాన్ని కొత్త జీపీటీ పద్ధతికి మార్చడానికి విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే కమాండ్ ఉంది. అడ్మినిస్ట్రేటర్‌గా ముందు వ్యాలిడేట్‌తో, అది పాసైతే కన్వర్ట్‌తో నడపండి. విండోస్ నడుస్తుండగా వాడుతున్నారు కాబట్టి అలోఫుల్‌ఓఎస్ అనేది కూడా చేర్చాలి. మార్చాక పాత బోర్డు బయోస్‌లో కూడా యూఈఎఫ్‌ఐకి మార్చకపోతే పాతదాంట్లోనూ లేవదు. భయపడకండి, డేటా పోలేదు. అయినా కాపీ తీసుకోకుండా ఈ పని చేయొద్దు.

విండోస్‌ని మైక్రోసాఫ్ట్ ఖాతాకి లింక్ చేయండి. బోర్డు మారగానే యాక్టివేషన్ పోతుంది. అప్పుడు ట్రబుల్‌షూటర్‌లో "ఈమధ్య హార్డ్‌వేర్ మార్చాను" అని ఎంచుకుంటే రిటైల్ లైసెన్స్ తిరిగొస్తుంది. సిస్టమ్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ అయితే అది పాత బోర్డుతోనే పోయినట్టు. బిట్‌లాకర్ (డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్) ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి.

వాలరాంట్ గురించి: విండోస్ 11లో దానికి టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే సెట్టింగ్) రెండూ కావాలి. కొత్త బయోస్‌లో ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) ఎనేబుల్, సీఎస్‌ఎం డిజేబుల్, తర్వాత సెక్యూర్ బూట్, ఈ వరసలో చేయండి. సీఎస్‌ఎం ఆఫ్ చేశాక రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సెట్టింగ్) కూడా ఆన్ చేసుకోవచ్చు, 3060కి పనికొస్తుంది.

ఇంటెల్ నుంచి ఏఎండీకి మారుతుంటే మాత్రం విండోస్ కొత్తగా వేసుకోవడమే మేలు. పాతదే లేచినా పాత చిప్‌సెట్ డ్రైవర్ల చెత్త మిగిలిపోతుంది.

పాత_డబ్బా:
ఎంఎస్‌ఇన్ఫోలో లెగసీ అనే ఉంది! ర్యామ్ స్టిక్కర్ మీద 3000 అని ఉంది. 5600కే వెళ్తున్నా. పాత ఇంటెల్ కూలర్ దీనికి పట్టదు కదా? బిగించేటప్పుడు ఇంకేం చూసుకోవాలి?

సాకెట్_శాస్త్రి:
పట్టదు, డబ్బాలో వచ్చిందే వాడు. దాని అడుగున పేస్ట్ పూసే ఉంటుంది, మళ్లీ పెట్టకు. ఈ కూలర్ నాలుగు స్క్రూలతో నేరుగా వెనక ప్లేట్‌లోకి బిగుస్తుంది. కాబట్టి బోర్డు మీదున్న రెండు నల్ల ప్లాస్టిక్ బ్రాకెట్లు ముందు విప్పాలి. అవి విప్పగానే వెనక ప్లేట్ ఊడి పడుతుంది, చేత్తో పట్టుకో. అందుకే ఈ పనంతా బోర్డు క్యాబినెట్‌లోకి వెళ్లకముందే కానివ్వు. స్క్రూలు ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా తిప్పు. ఒకే వైపు బిగిస్తూ పోతే నాలుగోది అందదు.

ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. మూలనున్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుతో కలిపి వదిలితే దానంతటదే దిగాలి. నొక్కాల్సి వచ్చిందంటే తప్పుగా పెట్టినట్టే.

క్యాబినెట్‌లోని ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డును ఎత్తి పట్టే చిన్న కాళ్లు) కొత్త బోర్డు రంధ్రాలతో సరిచూడు. రంధ్రం లేని చోట ఒకటి మిగిలిపోతే బోర్డు వెనక షార్ట్ అవుతుంది. ప్రాసెసర్ కరెంటుకి 4+4 అని విడిపోయే వైరు పెట్టు. 6+2 అనేది గ్రాఫిక్స్ కార్డుది, దాన్ని అక్కడ బలవంతంగా తోయకు. ర్యామ్ ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్లలో. లేచాక బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చెయ్. మానిటర్ కేబుల్ కార్డుకే. 5600లో గ్రాఫిక్స్ లేదు, బోర్డు హెచ్‌డీఎంఐలో పెడితే తెర నల్లగానే ఉంటుంది.

550 వాట్లు సరిపోతాయి. కార్డు 170, ప్రాసెసర్ 76 దాటదు.

పాత_డబ్బా:
సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ సామాన్ల మార్కెట్)లో ఒక షాపులో బి450 పాత స్టాక్ తక్కువకి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

బయోస్_బాబాయ్:
డబ్బా మీద "రైజెన్ 5000 డెస్క్‌టాప్ రెడీ" స్టిక్కర్ ఉంటే తీసుకోండి. లేకపోతే పాత బయోస్ ఉండొచ్చు. అప్పుడు ఫ్యాన్లు తిరుగుతాయి, తెర రాదు, బోర్డు చెడిపోయిందనుకుంటారు. షాపులోనే బయోస్ అప్‌డేట్ చేయించి, 5600 పెట్టి, తెర మీద బొమ్మ చూసి, సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు తీసుకోండి.

వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ (పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ అప్‌డేట్ చేసేది) ఉన్న మోడల్ అయితే ఇంట్లోనే అవుతుంది. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్, మాన్యువల్‌లో చెప్పిన పేరుతోనే ఫైలు, గుర్తు పెట్టిన యూఎస్‌బీ పోర్టు, 24 పిన్, 8 పిన్ వైర్లు. బటన్ నొక్కాక లైటు మినుకుమినుకుమనడం ఆగేదాకా కరెంటు పోకూడదు. యూపీఎస్ మీద పెట్టి నొక్కండి.