బీచ్ సర్వేలో ఒక నెల లెక్కకీ మరో నెల లెక్కకీ పొంతన ఉండటం లేదు, తేడా ఎక్కడ పడుతోంది?

తీరంచూపు:
కిలోమీటరు తీరాన్ని వాలంటీర్లం పంచుకుని చూస్తున్నాం. చెత్త, పీత బొరియలు, తాబేలు జాడలు, ఇసుక కోత అన్నీ రాస్తున్నాం. కానీ ఒక నెల వందల్లో ఉన్న అంకె మరుసటి నెల పదుల్లోకి పడిపోతోంది. ఏం మార్చుకోవాలి?

అలలగట్టు:
కిలోమీటరంతా చెత్త లెక్కపెట్టడం మానేయండి. 100 మీటర్ల ముక్క ఒకటి ఎంచుకుని ఎప్పుడూ అదే చూడండి. దాని రెండు చివర్లకీ గోడ మూలో, స్తంభమో గుర్తుగా ఉండాలి. ఇసుకలో పాతిన కర్ర తుఫానుకి ఆగదు, ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. నీళ్లు పూర్తిగా వెనక్కి తగ్గే వేళకి గంట ముందు మొదలుపెట్టండి. 2.5 సెం.మీ. దాటినవే లెక్కలోకి తీసుకోండి. లెక్కపెట్టినవి అక్కడే వదిలేస్తే వచ్చే నెల మళ్లీ లెక్కకొస్తాయి కాబట్టి ఏరేయాలి. మధ్యలో వేరేవాళ్లు శుభ్రం చేస్తే ఆ తేదీ తప్పకుండా రాయండి. మీ అంకె పడిపోవడానికి నా అనుమానం దీని మీదే.

పీతబొరియ:
బొరియల సంగతి వేరండీ. ఎండెక్కితే పీతలు లోపలినుంచి మూత వేసుకుంటాయి, గాలికి ఇసుక పూడిపోతుంది. అందుకే తెల్లవారగానే చూడాలి. అంచు పదునుగా ఉండి, పక్కన తడి ఇసుక ముద్దలో కొత్త కాలి గీతలో కనిపిస్తే అది వాడుకలో ఉన్న బొరియ. అంచు జారిపోయినదాన్ని వదిలేయండి. పోటు గీత నుంచి పైకి రెండేసి మీటర్లకోసారి మీటరు చదరపు చట్రం వేసి, వ్యాసం కూడా కొలవండి. పెద్ద బొరియంటే పెద్ద పీతే.

తీరంచూపు:
తాబేలు జాడలో? ఏమీ కనబడని రోజు ఫారం నింపాలా?

ఇసుకగూడు:
నింపాలి, సున్నా అని వేయాలి. ఖాళీగా వదిలితే అసలు చూడలేదేమో అనుకుంటారు. జాడకి అడ్డంగా టేపు పెట్టి ఫోటో తీయండి. ముందుకాళ్ల గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయా, జంటగా పడ్డాయా అన్నది స్పష్టంగా పడాలి, జాతిని పోల్చడానికి అదే ఆధారం. ఫోటో అయ్యాక జాడ మీద అడ్డంగా కాలితో గీత లాగేస్తే మర్నాడు వచ్చినవాళ్లు మళ్లీ లెక్కపెట్టరు. ఇసుక తవ్విన గుంట లేకుండా నీళ్లవైపు తిరిగిపోయిన జాడని వేరే గడిలో రాయండి. గూడు ఉందో లేదో చూద్దామని కర్రతో మాత్రం పొడవద్దు, దయచేసి. గుడ్లు పగులుతాయి. పొదగడం మొదలైన గుడ్డుని తిప్పినా లోపలి పిల్ల చచ్చిపోతుంది.

అలలగట్టు:
కోతకి 1.5 మీటర్ల కర్రలు రెండు చాలు. ఎప్పుడూ ఒకే గుర్తు దగ్గర మొదలుపెట్టి, ఒకదానికొకటి 1.5 మీటర్ల దూరంలో నిలబెట్టండి. ఒడ్డువైపు కర్ర వెనక నిలబడి, సముద్రంవైపు కర్ర కొసనీ దిగంతాన్నీ ఒకే గీతలో చూడండి. ఆ గీత మీ కర్రని కొసకి ఎన్ని సెంటీమీటర్ల కింద తాకితే అంత దిగుడు. తడి ఇసుకలో కర్ర దిగబడితే కొలత పాడవుతుంది, అడుగున చెక్క బిళ్ల బిగించండి.