రన్‌వేపై పడిన ముక్క వల్ల విమానం కూలితే చట్టం ముందు జవాబు చెప్పవలసింది ఎవరు?

గన్నవరం విశ్రాంత ఉద్యోగి:
మన గన్నవరానికి విమానాల రాకపోకలు పెరిగాయి కానీ రన్‌వే మీద ఏం పడి ఉంటుందో, పడి ఉంటే ఎవరిని అడగాలో ఎవరూ మాట్లాడుకోవడం లేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. 2000 జులై 25న పారిస్‌లోని శార్ల్ ద గోల్ విమానాశ్రయంలో ఎయిర్ ఫ్రాన్స్ వారి కాంకార్డ్ (ధ్వనికంటే వేగంగా ఎగిరే ప్రయాణికుల విమానం) పైకి లేవబోతూ, రన్‌వేపై పడి ఉన్న సుమారు 43 సెంటీమీటర్ల టైటానియం పట్టీని తొక్కింది. టైరు పగిలి, దాని ముక్క రెక్క అడుగుభాగానికి తగలడంతో ఇంధన ట్యాంకు చిట్లి మంటలు లేచాయి. దగ్గరలోని గొనెస్ అనే ఊళ్లో హోటల్ మీద విమానం కూలగా, అందులోని 109 మందీ, నేల మీద నలుగురూ చనిపోయారు. ఆ పట్టీ అంతకు సుమారు అయిదు నిమిషాల ముందు అదే రన్‌వే నుంచి లేచిన కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 విమానం నుంచి ఊడిపడినది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రన్‌వేను నడిపే సంస్థే మొదటి ముద్దాయి కావాలి. నేను విమానాశ్రయాల నేల పనుల్లోనే ఉద్యోగం చేసి విరమించాను. తెల్లవారుజామున అందరం వరుసగా, మనిషికీ మనిషికీ నాలుగడుగుల ఎడం పాటించి, తల వంచుకుని నడిచేవాళ్లం. సూట్‌కేసు చక్రాలు, తాళపు తీగ ముక్కలు, తల తెగిన బోల్టులు, టైరు పీలికలు సంచిలో వేసుకునేవాళ్లం. ఆ పని ఎంత ముఖ్యమో చేసినవాడికే తెలుస్తుంది. పెద్ద రన్‌వేలను రోజుకు కనీసం రెండుసార్లు పరిశీలించాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధన. పారిస్‌లో ఆ మధ్యాహ్నం జరగవలసిన తనిఖీ అగ్నిమాపక విన్యాసాల కారణంగా జరగలేదు. అయినా ఆ విమానాశ్రయం బోనెక్కలేదు.

అరండల్‌పేట వకీలు:
మీ అనుభవాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. పట్టీ పడిన తరువాత ఉన్న వ్యవధి సుమారు అయిదు నిమిషాలు. వాయిదా పడిన తనిఖీ తన వేళకే జరిగి ఉన్నా, అప్పటికి ఆ పట్టీ డీసీ-10కే అంటుకుని ఉంది కదా. నిర్లక్ష్యానికీ నష్టానికీ కార్యకారణ సంబంధం చూపకుండా ఎవరినీ బాధ్యుల్ని చేయలేము.

కేసు ఎలా నడిచిందో కూడా చెప్పాలి. 2010 డిసెంబరులో ఫ్రాన్స్‌లోని పాంత్వాజ్ న్యాయస్థానం కాంటినెంటల్‌ను దోషిగా తేల్చి 2,00,000 యూరోల జరిమానా వేసింది. విమాన తయారీ సంస్థ నిర్దేశించిన తీరుకు భిన్నంగా ఆ పట్టీని తయారుచేసి బిగించిన మెకానిక్‌కు 15 నెలల జైలుశిక్ష విధించి, దాని అమలును నిలిపివేసింది. కాంకార్డ్ రూపకర్తలనూ, ఫ్రెంచి విమానయాన అధికారినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. 2012 నవంబరులో వెర్సాయ్ అప్పీలు న్యాయస్థానం ఆ నేరశిక్షలను కొట్టివేసింది. మామూలు లోహపు పట్టీ ఇంత ఘోరానికి దారితీస్తుందని ఆ మెకానిక్ ఊహించగలిగి ఉండేవాడు కాడన్నది ఆ తీర్పులోని ముఖ్యమైన మాట. అయితే కాంటినెంటల్ సివిల్ బాధ్యతను మాత్రం నిలబెట్టింది. నేరం వేరు, పరిహారం వేరు అన్న ఈ విభజన మన దేశంలోనూ ఉంది.

కృష్ణలంక వాసి:
మెకానిక్ తప్పించుకున్నాడు, కంపెనీ డబ్బు కట్టి ఊరుకుంది. 113 మంది కుటుంబాలకు దక్కింది ఇంతేనా?

ఆటోనగర్ మేస్త్రి:
వకీలు గారూ, మీరు అయిదు నిమిషాల దగ్గరే ఆగిపోతున్నారు. నేను లారీల కింద పడుకుని కమాన్‌పట్టీలు బిగించే మనిషిని. ఒక పట్టీ ఊడిందంటే అది ఊడిన రోజు తప్పు కాదు, బిగించిన రోజు తప్పు. బోల్టు రంధ్రం సరిపడకపోతే ఇంకో రంధ్రం కొట్టి బిగించేవాళ్లను నేను చూశాను. బండి ఆగిపోకూడదని యజమాని తొందరపెడతాడు, మేస్త్రి తల ఊపుతాడు.

నా తమ్ముడి సంగతి చెబుతాను. కాజ దాటిన తరువాత హైవే మీద, ఏ లారీ నుంచో పడిన ఇనుప ముక్కను మోటారు సైకిలు తొక్కింది. వాడి కాలు పోయింది. లారీ దొరకలేదని పోలీసులు కేసు మూసేశారు. రోడ్డు నిర్వహించే కాంట్రాక్టరు తన గస్తీ వాహనం గంట క్రితమే అటు తిరిగిందని కాగితం చూపించి చేతులు దులుపుకున్నాడు. ఆ గంట, మీరు చెప్పే ఆ అయిదు నిమిషాలు నాకు ఒకేలా వినిపిస్తున్నాయి.

అరండల్‌పేట వకీలు:
మీ తమ్ముడికి జరిగింది అన్యాయమే. కానీ ఆ కేసును పట్టుకుని విమాన చట్టాన్ని తేల్చలేము. విమాన ప్రయాణికుడికి చట్టం హైవే మీది మనిషికంటే మెరుగైన రక్షణ ఇచ్చింది. 2009లో మన దేశం చేరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ ప్రయాణంలో ప్రయాణికుడు ప్రమాదంలో మరణిస్తే, తప్పు ఎవరిదన్న ప్రశ్నతో నిమిత్తం లేకుండా ఒక పరిమితి వరకు విమాన సంస్థ పరిహారం ఇవ్వాలి. 2024 డిసెంబరు చివరి నుంచి ఆ పరిమితి 1,51,880 ప్రత్యేక డ్రాయింగ్ హక్కులు (అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క యూనిట్లు). అంతకు మించిన మొత్తం విషయంలో, నష్టం కేవలం మూడో పక్షం తప్పు వల్లే జరిగిందని నిరూపిస్తే విమాన సంస్థ బయటపడవచ్చు. రన్‌వేపై పడిన ముక్క వ్యవహారం కోర్టుకెక్కేది సరిగ్గా ఇక్కడే. కట్టిన డబ్బును విమానాశ్రయం నుంచో, ముక్క జారవిడిచిన సంస్థ నుంచో రాబట్టుకునే హక్కు కూడా విమాన సంస్థకు ఉంది. కాబట్టి ఆ పరిమితి వరకు ప్రయాణికుల కుటుంబాలు రన్‌వే యజమాని వెంట తిరగవలసిన అవసరమే లేదు.

గుంటూరు లా విద్యార్థిని:
ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయిన కేసులో, దారి పక్కన కట్టడం ఉన్న యజమాని లోపం పైకి కనిపించలేదని చెప్పి తప్పించుకోలేడని 1966లో సుప్రీంకోర్టు అన్నది సార్. రన్‌వేకు ఆ తర్కం ఎందుకు వర్తించదు?

అరండల్‌పేట వకీలు:
మంచి ప్రశ్న అమ్మా. ఆ స్తంభం మునిసిపాలిటీ సొంతం, దాని ఆధీనంలోనే శిథిలమైంది. ఇక్కడ పట్టీ పరాయి విమానానిది.

గన్నవరం విశ్రాంత ఉద్యోగి:
పట్టీ పరాయిదే కావచ్చు, రన్‌వే ఎవరిది? అయిదు నిమిషాల్లో మనిషి కంటికి కనిపించదనుకుందాం. కనిపెట్టే రాడార్లు వాంకూవర్‌లో పెట్టారు, కెమెరాలు సింగపూర్ చాంగీలో పెట్టారు. పరికరం ఉండీ పెట్టనివాడు మనిషి కన్ను చాలదని చెప్పి తప్పుకోవడం న్యాయం కాదు.

కృష్ణలంక వాసి:
మన భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే అయిదేళ్ల వరకు జైలు ఉంది. ముక్క వదిలినవాణ్ణీ, ఏరనివాణ్ణీ ఇద్దరినీ లోపల వేయాలి.

గన్నవరం విశ్రాంత ఉద్యోగి:
అలా అనకండి. తెల్లవారుజామున నడిచే కూలీని జైలుకు పంపమని నేను ఎక్కడా అనలేదు.

ఆటోనగర్ మేస్త్రి:
మరి ఎవరిని పంపమంటారు? సంస్థ అంటారు, యాజమాన్యం అంటారు. సంస్థకు కాళ్లున్నాయా కటకటాల వెనక్కి నడవడానికి? వకీలు గారు పరిహారం లెక్కలు చెబుతున్నారు, మీరు రాడార్ల గురించి చెబుతున్నారు. నా తమ్ముడి ఇంటికి వచ్చి ‘తప్పు మాది’ అని ఒక్క మనిషి అనలేదు. ఆ మాట కావాలంటే ఏ పేజీలో ఏ సెక్షను చూడాలో చెప్పండి!

గన్నవరం విశ్రాంత ఉద్యోగి:
ఇంతవరకు పైకి చెప్పని విషయం ఇప్పుడు చెబుతాను. మేము ఏరిన ప్రతి ముక్కా రిజిస్టరులో ఎక్కేది కాదు. బోల్టు దొరికిందని రాస్తే అది ఏ విమానానిది, నిన్నటి డ్యూటీ ఎవరిది, ఎందుకు చూడలేదు అని మెమో వచ్చేది. అందుకని కొందరు సంచిలోది నేరుగా చెత్తడబ్బాలో వేసేవారు. ఆ బోల్టు ఊడిన విమానం మళ్లీ గాలిలోకి లేచేది, దాని యజమానికి కబురే లేదు. మీరు కోరే జైలు వస్తే ఆ రిజిస్టరు పూర్తిగా ఖాళీ అవుతుంది. సంస్థ డబ్బు కట్టాలి, బాగా కట్టాలి, కానీ నిజం చెప్పిన ఉద్యోగిని ముట్టుకోకూడదు. నా వాదన అంతా ఇదే.

అరండల్‌పేట వకీలు:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. మన 2017 ప్రమాద దర్యాప్తు నియమాలు కూడా దర్యాప్తు ఉద్దేశం నివారణే తప్ప నింద మోపడం కాదంటాయి. వైద్యుల విషయంలో 2005లో సుప్రీంకోర్టు, నేరం కావాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదై ఉండాలని చెప్పింది. ఆ గీతే ఇక్కడా ఉండాలంటాను.

ఆటోనగర్ మేస్త్రి:
గీత మీరు గీశారు, దానికి అవతల నిలబడింది మేము. నిజం చెప్పినవాణ్ణి కాపాడమంటున్నారు, సరే. ఆ చెప్పిన నిజం కుటుంబానికి చేరాలా వద్దా? చేరకపోతే ఆ రక్షణ ఎవరి కోసం?

గుంటూరు లా విద్యార్థిని:
గన్నవరం విమానాశ్రయాన్ని భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నడుపుతోంది కనుక తనిఖీ రిజిస్టరు నకలును సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. భద్రత పేరుతో నిరాకరిస్తే అప్పీలు చేయవచ్చు.

ఆటోనగర్ మేస్త్రి:
అయితే ఆ దరఖాస్తు ఎలా రాయాలో ఇక్కడే పెట్టమ్మా, నేను సంతకం చేసి పంపిస్తాను. రిజిస్టరులో ఏం రాశారో, ఏం రాయలేదో విశ్రాంత ఉద్యోగి గారు చదివి చెప్పాలి.