ఆష్‌బర్న్‌కి కొత్త – డబ్ల్యూ అండ్ ఓడీ ట్రైల్ మీద గుర్రపు స్వారీ గురించి చెప్పండి

ఆష్‌బర్న్ కొత్త కుటుంబం: అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి ఈమధ్యే వచ్చాం. నాది హెచ్1బీ ఉద్యోగ వీసా, నా భార్యది హెచ్4, అంటే డిపెండెంట్ వీసా. వర్జీనియాలో నడకకి, సైకిళ్లకి వేసిన ఈ డబ్ల్యూ అండ్ ఓడీ ట్రైల్ మా ఇంటి పక్కనే. తారు దారి పక్కన కంకర బాటలో ఇద్దరు గుర్రాల మీద వెళ్తుంటే మా తొమ్మిదేళ్ల పాప చూసింది. తనూ ఎక్కుతానని ఒకటే పట్టు. అక్కడ గుర్రం గంటల లెక్కన అద్దెకి దొరుకుతుందా? టికెట్ ఉంటుందా?

హెర్న్‌డన్ పాతకాపు: టికెట్ లేదండి. అద్దె గుర్రాలు నాకైతే ఆ దారి పొడవునా ఎక్కడా కనపడలేదు. మీరు చూసినవాళ్లు సొంత గుర్రాల మీద వచ్చి ఉంటారు. ఇది పాత రైలు మార్గం. 1968లో రైళ్లు ఆగిపోయాయి. పట్టాలు తీసేసిన ఆ జాగాలోనే షర్లింగ్టన్ నుంచి పర్సెల్‌విల్ దాకా 45 మైళ్ల పార్కు వేశారు. వియన్నా నుంచి పర్సెల్‌విల్ వరకు దాదాపు 32 మైళ్లు తారు పక్కనే గుర్రాలకి కంకర బాట ఉంది. రైలు నడిచిన దారి కదా, నిటారు ఎత్తులుండవు, గుర్రానికి హాయి. కానీ రోడ్డు దాటాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. స్వారీ నేర్చుకోవడానికి అది చోటు కాదు. ముందు ఏదైనా బార్న్‌లో, అంటే గుర్రాలు ఉంచి స్వారీ నేర్పే చోట, పాఠాలకి చేర్పించండి. కంచె వేసిన రింగ్‌లో పాపకి పగ్గాలు పట్టడం రావాలి.

లీస్‌బర్గ్ అమ్మ: పాఠాల తర్వాత బార్న్ వాళ్లు "హాఫ్ లీజ్" అంటారు, అక్కడ జాగ్రత్త. గుర్రం వాళ్లదే. వారంలో కొన్ని రోజులు మనమ్మాయి ఎక్కుతుంది, ఖర్చులో సగం మనది. మా అమ్మాయికి అలాగే తీసుకున్నాం. వానాకాలమంతా ఆ గుర్రం బురదలోనే నిలబడింది. ఒకరోజు కుంటింది. గిట్టలో చీము పట్టిందని డాక్టర్ తేల్చారు. బార్న్ ఆవిడ మాత్రం "మీరు ట్రైల్ కంకర మీద నడిపించారు, అందుకే" అని మొత్తం బిల్లు మాకే పంపింది. లాడాలు కొట్టే ఆయన డబ్బులూ అందులోనే కలిపింది. వద్దు, మానేస్తాం అంటే 30 రోజుల నోటీసు ఇవ్వలేదని డిపాజిట్ ఆపేసింది. మేం నోటీసు ఈమెయిల్‌లో ఇచ్చాం, కాపీ ఉంది. వైద్యం ఖర్చు చెరి సగమని అగ్రిమెంట్‌లోనే రాసుంది. మా వారు ఆ రెండూ జతచేసి, జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో స్మాల్ క్లెయిమ్స్, అంటే చిన్న మొత్తాల దావా, వేస్తామని ఉత్తరం రాశారు. వర్జీనియాలో 5,000 డాలర్ల దాకా లాయర్ లేకుండానే వేసుకోవచ్చు. ఆ తర్వాత సగం డిపాజిట్ వచ్చింది. మిగతా సగం ఇప్పటికీ రాలేదు. గుర్రం తీసుకునే రోజే నాలుగు గిట్టలూ ఫొటోలు తీసి పెట్టుకోండి. కాగిన్స్ టెస్ట్ కాగితం కూడా అడగండి, గుర్రాల రక్తహీనత వ్యాధి లేదని చూపించేది అదే.

రెస్టన్ సైకిల్: ఆ బాటలో గుర్రాలు నడిస్తే ఇబ్బంది లేదు. వంతెనల దగ్గర తారు మీదికి వస్తారు, పేడ అక్కడే వదిలేస్తారు. ఎవరు తియ్యాలి?

హెర్న్‌డన్ పాతకాపు: కొన్ని వంతెనల దగ్గర రెండు బాటలూ కలుస్తాయి, వాళ్లు మాత్రం ఏం చేస్తారు? రూల్ స్పష్టంగా ఉంది. సైకిలు అందరికీ దారివ్వాలి, నడిచేవాళ్లు గుర్రానికి దారివ్వాలి.

రెస్టన్ సైకిల్: దారిస్తున్నాం సార్. బెల్లు కొడితే తిడుతున్నారు.

లీస్‌బర్గ్ అమ్మ: బెల్లు కాదు తమ్ముడూ, మాట వినపడాలి. గుర్రానికి సరిగ్గా వెనకున్నది కనపడదు. దూరం నుంచే "హలో, ఎడమ పక్క నుంచి వస్తున్నా" అంటే మనిషని తెలిసి బెదరదు.

స్టెర్లింగ్ వీసా అన్న: అసలు విషయం ఎవరూ చెప్పలేదు. మీ ఆవిడ హెచ్4. కొట్టాలు శుభ్రం చేస్తే పాపకి పాఠాలు ఫ్రీ అంటారు బార్న్ వాళ్లు. ఒప్పుకోవద్దు. డబ్బు చేతికి రాకపోయినా పాఠాలు ప్రతిఫలమే, ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) లేకుండా అది అనుమతి లేని పని అవుతుంది.

హెర్న్‌డన్ పాతకాపు: అందర్నీ టెన్షన్ పెట్టకండి. దివ్యాంగ పిల్లలకి స్వారీ నేర్పే ఛారిటీల్లో చాలామంది వాలంటీర్లుగా చేస్తున్నారు.

స్టెర్లింగ్ వీసా అన్న: ఛారిటీలో ఏమీ ఆశించకుండా చేస్తే వాలంటీరే. నేనంటున్నది వ్యాపారం చేసే బార్న్ గురించి, పాఠాలకి బదులు చేసే పని గురించి. రెండూ ఒకటి కాదండీ.

ఆష్‌బర్న్ కొత్త కుటుంబం: చాలా థాంక్స్ అండి. నిజంగానే ఒక బార్న్ వాళ్లు మా ఆవిడతో ఆ మాటే అన్నారు, వద్దని చెప్పేస్తాం. పాపకి సైకిల్ హెల్మెట్ ఉంది, అది పనికొస్తుందా?

లీస్‌బర్గ్ అమ్మ: పనికిరాదు. లోపల ఏఎస్‌టీఎం, ఎస్ఈఐ అని భద్రతా ముద్రున్న స్వారీ హెల్మెటే కొనండి, సెకండ్ హ్యాండ్‌ది వద్దు. చిన్న మడమున్న బూట్లు కావాలి, రికాబులోంచి కాలు ముందుకి జారిపోకుండా. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చెవుల వెనక, జుట్టులో పిడుదులు వెతకండి. మన లౌడన్ కౌంటీలో పిడుదు కుడితే వచ్చే లైమ్ జబ్బు ఎక్కువ. శనివారం ఉదయం పాఠాలు త్వరగా నిండిపోతాయి, ఈ వారమే ఫోన్ చెయ్యండి.