మోసగాళ్ల బెడద వల్ల మా కొనుగోలుదారుల వాట్సాప్ గ్రూపును మూసేయాలనుకుంటున్నాం: ఎలా మూయాలి?

ఉద్దానం కోడలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా పలాస. జీడిపిక్కలు కొని, ఉడికించి, కొట్టించి, పప్పు తీసి అమ్మే చిన్న వ్యాపారం మా మామగారి కాలం నుంచి ఉంది. పిక్కలు కొట్టేవాళ్లు, పొట్టు తీసేవాళ్లు, గ్రేడు ఏరేవాళ్లు కలిపి పద్నాలుగు మంది ఆడవాళ్లు మా దగ్గర పని చేస్తున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం తోటలను నేలకూల్చిన తరువాత, దళారులకు అమ్మితే కూలీలు కూడా గిట్టని పరిస్థితి వచ్చింది. అందుకని నేరుగా ఇళ్లకే పప్పు పంపుదామని ఆ మరుసటి సంక్రాంతికి బంధువులు, తెలిసినవాళ్లు ముప్పై మందితో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఇప్పుడు అందులో ఆరు వందల మందికి పైగా ఉన్నారు.

ధరలు చెప్పడానికి పెట్టిన ఆ గ్రూపులో కొన్నాళ్లకు, ముందు కొన్నవాళ్లే కొత్తవాళ్లకు చెప్పడం మొదలైంది. 240 గుండుకూ (గుండు అంటే విరగని పూర్తి పప్పు) 320 గుండుకూ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, నేను ఫోను చూసేలోపే విజయనగరంలో ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు జవాబు రాసేసేవారు. "పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 220 నుంచి 240 పప్పులు తూగితే అది 240, 300 నుంచి 320 తూగితే 320, అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది. పాయసానికైతే బద్దలు చాలు, గుండుకు డబ్బు పొయ్యకండి" అని ఆవిడ రాసిన మాటను ఎంతమందికి చూపించానో లెక్కలేదు. వానల్లో పప్పు మెత్తబడకుండా ఎలా దాచుకోవాలో, వేసవిలో పచ్చి జీడిపప్పు కూర ఎలా వండాలో, అన్నీ అందులోనే ఉన్నాయి.

గత ఏడాదిగా ఆ గ్రూపు మాకు గుండెల మీద కుంపటి అయింది. గ్రూపులో చేరే లింకును మా ఫేస్‌బుక్ పేజీలో పెట్టడం మేము చేసిన తప్పు. మొదట అప్పుల ప్రకటనలు, షేర్ల చిట్కాలు, జూదం యాప్‌ల లింకులు వచ్చాయి. పొద్దున లేవగానే వాటిని తుడిచి, పంపినవాళ్లను తీసేస్తే మధ్యాహ్నానికి వేరే నంబర్లతో వచ్చేవారు. తరువాత వచ్చినవాళ్లు గ్రూపులో ఏమీ రాయలేదు. సభ్యుల నంబర్లు తీసుకుని, మా కొట్టు బోర్డు ముందు మామగారు నిలబడిన ఫోటోను తమ ప్రొఫైలుగా పెట్టుకుని, "పండగ ధర, కిలో గుండు 399 రూపాయలు, ఈ రోజు వరకే" అంటూ ఒక్కొక్కరికి విడిగా క్యూఆర్ కోడు పంపారు. నేను చెప్పిన ఉపాధ్యాయురాలే ఉగాదికి పిల్లలకు పంపుదామని పన్నెండు కిలోలకు డబ్బు కట్టి, వారం ఎదురుచూసి, "అమ్మా, పార్సిలు ఇంకా రాలేదు, మీ ఇంట్లో అందరూ కులాసాయేనా" అని ఫోను చేశారు. ఆవిడ నన్ను అనుమానించలేదు, మాకేదో కష్టం వచ్చిందనుకున్నారు. ఆ పప్పు మేము పంపుతామంటే ఒప్పుకోలేదు.

పోయిన నెలలో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. తెలిసిన కొనుగోలుదారు నంబరు నుంచి మా మరిదికి "పొరపాటున నీ ఫోనుకు ఆరంకెల కోడు వచ్చింది, పంపించు" అని సందేశం వచ్చింది. అతను పంపాడు. రెండు నిమిషాల్లో అతని వాట్సాప్ పరుల చేతికి పోయింది. మరిది కూడా గ్రూపు అడ్మిన్ కావడంతో, వాళ్లు అతని పేరుతోనే "ఆర్డరు ఫారం" అంటూ ఒక ఏపీకే ఫైలు (నొక్కితే ఫోనులో యాప్ ఎక్కించేది) గ్రూపులో పెట్టారు. దాన్ని ఇన్‌స్టాల్ చేసిన ఇద్దరి ఖాతాల్లోంచి డబ్బు పోయింది.

గ్రూపు మూసేయాలని ఇంట్లో అందరం అనుకున్నాం. అందరం ఒకేసారి బయటికి వచ్చేస్తే సరిపోతుందా? ఏడేళ్లుగా జనం రాసుకున్న మాటలను దాచుకునే దారి ఉందా? డబ్బు పోయినవాళ్ల విషయంలో మేము చేయవలసింది ఏమిటి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

విజయనగరం మరమ్మతుదారు

అమ్మా, మీరు అడిగిన మొదటి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే చాలామంది అక్కడే దెబ్బతింటున్నారు. దయచేసి మీరు బయటికి రాకండి. అడ్మిన్లందరూ వెళ్లిపోతే గ్రూపు మూతపడదు, మిగిలిన సభ్యుల్లో ఎవరో ఒకరు దానంతట అదే అడ్మిన్ అవుతారు. మౌనంగా కూర్చున్న ఆ దొంగ నంబర్లలో ఒకటి అడ్మిన్ అయితే, మీ కొట్టు పేరూ మీ బోర్డు ఫోటోతో నడుస్తున్న ఆరు వందల మంది గ్రూపును మీ చేతులతో అప్పగించినట్టే అవుతుంది. కంప్యూటర్లు, ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతున్నాను కాబట్టి ఇలా అప్పగించేసి వచ్చినవాళ్లను ఇద్దరిని స్వయంగా చూశాను.

మూసే ముందు మీ మరిది గారి ఫోను సంగతి తేల్చుకోవాలి. ఆయన తన నంబరుతో వాట్సాప్‌ను మళ్లీ నమోదు చేసుకుని, ఎస్ఎమ్ఎస్‌లో వచ్చే కోడు కొడితే అవతలివాడి ఫోనులో అది తెగిపోతుంది. అవతలివాడు అప్పటికే రెండంచెల ధ్రువీకరణ పిన్ పెట్టేసి ఉంటే, ఆ పిన్ లేకుండా లోపలికి రావడానికి ఏడు రోజులు ఆగాలి, కంగారు పడకండి. ఆ తరువాత అడ్మిన్లు ముగ్గురైనా నలుగురైనా అందరూ ఆ ఆరంకెల పిన్ పెట్టుకుని, "లింక్డ్ డివైజెస్"లో తమవి కాని కంప్యూటర్లేమైనా ఉన్నాయేమో చూసుకోవాలి. ఏపీకే ఇన్‌స్టాల్ చేసినవాళ్ల ఫోన్ల విషయంలో మాత్రం ఆ యాప్ తీసేస్తే సరిపోదు. అలాంటివి ఎస్ఎమ్ఎస్‌లు చదివే అనుమతి అడిగి, బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీలను అవతలికి పంపుతుంటాయి. ముందు ఇంటర్నెట్టు ఆపి, ఫోటోలు, నంబర్లు వేరే చోట భద్రపరిచి, ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, బ్యాంకు పాస్‌వర్డులు ఇంకొక ఫోను నుంచి మార్చుకోమని వాళ్లకు చెప్పండి. ఈ ఒక్క పనీ ఈ రోజే జరగాలి, మిగతావి రేపటికైనా ఆగుతాయి.

ఇక గ్రూపు. మొదట చేరే లింకును రీసెట్ చేయండి, అప్పుడు ఫేస్‌బుక్‌లో తిరుగుతున్న పాత లింకు పనిచేయదు. సందేశాలు అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగు మార్చండి. ఏపీకే ఫైలు ఇంకా కనిపిస్తుంటే, వీలైతే అడ్మిన్‌గా అందరికీ తొలగించండి. తరువాత "ఎక్స్‌పోర్ట్ చాట్" చేసి ఆ మాటలను మీ ఈమెయిలుకు పంపుకోండి. అయితే ఆ ఫైలులో పేర్లు, నంబర్లు, కొందరి చిరునామాలు కూడా ఉంటాయి కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కడా పెట్టకండి. గ్రేడుల సంగతి, దాచుకునే పద్ధతి, కూరలు మాత్రం ఏరి, ఎవరి మాటో వారిని అడిగి, పేరు పెట్టమంటే పెట్టి, పీడీఎఫ్‌గా చేసుకోవచ్చు. ఆ ఉపాధ్యాయురాలి వివరణ అందులో మొదటి పేజీలో ఉండాలని నా కోరిక.

మూస్తున్నట్టు కనీసం పది రోజుల ముందు చెప్పండి. మీరు ఏ నంబరు నుంచి మాట్లాడతారో, డబ్బు కట్టేటప్పుడు తెర మీద ఏ పేరు కనిపించాలో, ఆ రెండూ రాయండి. ఆ గడువు అయ్యాక సభ్యులను తీసేసి, చివరి మనిషిగా మీరు మిగిలి, అప్పుడు బయటికి వచ్చి గ్రూపును తొలగించండి. ఆరు వందల మందిని తీయడం విసుగు పుట్టించే పని, ఇంట్లో పిల్లలు సాయం పట్టాలి. తీసేసినంత మాత్రాన వాళ్ల ఫోనుల్లో ఉన్న పాత సందేశాలు పోవు, అందుకే హెచ్చరికను చివరి సందేశంగా ఉంచాలి.

బొబ్బిలి వీణల వీధి

నాకు వేరే అభిప్రాయం ఉంది, మన్నించండి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోకూడదు. ఏడేళ్ల నమ్మకాన్ని పోగుచేసుకున్న చోటును మూసేస్తే ఆ దొంగలు గెలిచినట్టే కదా. కొత్తవాళ్లను అడ్మిన్ ఆమోదించాకే చేర్చుకునే సెట్టింగు ఉంది. దాన్ని పెట్టుకుని, తెలియని నంబర్లన్నీ ఏరేసి, రోజుకు గంట మాత్రమే గ్రూపు తెరిచి, ఆ గంటలో ఎవరో ఒకరు కాపలా ఉంటే సరిపోతుందేమో ఆలోచించండి. మేము వీణలు చేయించి అమ్మే కుటుంబం. మా గ్రూపులో నూట ఇరవై మందే ఉన్నారు, ఒక్కొక్కరితో ఫోనులో మాట్లాడాకే చేర్చుకుంటాం. ఇంతవరకు ఇబ్బంది రాలేదు.

రాజాం విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

డబ్బు సంగతి ఎవరూ పూర్తిగా రాయలేదు కాబట్టి రాస్తున్నాను. డబ్బు పోయిన ముగ్గురూ సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేశారా? చేయకపోతే ఇప్పుడైనా చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. ఈ నంబరుకు గంటల్లో ఫోను చేస్తే, డబ్బు దొంగ ఖాతాలోంచి ఇంకొక ఖాతాకు పోకముందే నిలిపివేసే అవకాశం ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది గానీ, ఫిర్యాదు మాత్రం ఎప్పుడైనా పనికొస్తుంది.

ఇందులో ఒక తేడా ఉంది. ఖాతాదారుకు తెలియకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీల మీద రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఆదేశాలు ఇచ్చింది. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మూడో చోట జరిగితే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల లోపు చెప్పినవారికి నష్టం ఉండదన్నది అందులోని మాట. ఖాతాదారు అజాగ్రత్త వల్ల పోయిందని తేలితే, బ్యాంకుకు చెప్పేవరకు జరిగిన నష్టం ఖాతాదారు మీదే పడుతుంది. ఏపీకే వల్ల పోయిన ఇద్దరూ ఇప్పుడు అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశాలను చూపి తమ బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. రసీదు తీసుకోకుండా వెనక్కి రాకూడదు. ఉపాధ్యాయురాలు తానే పిన్ కొట్టి డబ్బు పంపారు కాబట్టి ఆ 2017 ఆదేశాలు ఆవిడకు వర్తించవు, ఆవిడకు 1930, పోలీసు ఫిర్యాదే దారి. పరుల గుర్తింపును దొంగిలించడం సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షన్ కిందకు, కంప్యూటరు ద్వారా వేరొకరిలా నటించి మోసగించడం 66డి కిందకు వస్తాయి. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. మీ కొట్టు ఫోటోను వాడుకున్నారు కాబట్టి మీరు కూడా విడిగా ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు పోకపోయినా, అలాంటి నంబర్లను టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటులోని చక్షు విభాగంలో తెలపవచ్చు.

స్క్రీన్‌షాట్లు, దొంగ నంబర్లు, క్యూఆర్ కోడులో కనిపించిన పేరు, తేదీలు, ఇవన్నీ గ్రూపు తీసేయకముందే భద్రపరచండి. మూసే తొందరలో సాక్ష్యాన్ని మన చేతులతో తుడిచేసుకోకూడదు.

పొందూరు నేత

అక్కా, మేము రెండేళ్ల కిందట మూసేశాం, అందుకని మూసిన తరువాతి సంగతి చెబుతాను. మాది ఖద్దరు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకే వీడియోలు మేము గ్రూపులో పెడితే, వాటినే దొంగలు తీసుకుని మిల్లు బట్టను పొందూరు ఖద్దరని అమ్మారు. మూసిన మొదటి మూడు నెలలూ అమ్మకాలు తగ్గాయి. దాచడం ఎందుకు, కంటతడి కూడా పెట్టుకున్నాం. గ్రూపు లేని ఆ ఖాళీలో "పాత గ్రూపు పోయింది, ఇది కొత్త గ్రూపు" అంటూ దొంగలే ఒకటి తెరిచారు కూడా. "మేము మళ్లీ గ్రూపు పెట్టం, ఎవరు పెట్టినా అది మాది కాదు" అన్న వాక్యాన్ని మేము ముందుగా చెప్పి ఉంటే ఆ నష్టం తప్పేది. మీరు తప్పకుండా ఆ వాక్యం రాయండి.

మాకు బాగా పనికొచ్చింది చీటీ. ప్రతి పంచె మడతలో అరచేయంత కాగితం పెడతాం. దాని మీద మా ల్యాండ్‌లైను నంబరు, డబ్బు కట్టేటప్పుడు తెర మీద కనిపించవలసిన పేరు అచ్చు వేయించాం. ఆ కాగితాన్ని దొంగ నా గుడ్డ మడతలో పెట్టలేడు కదా. ధరలు చెప్పడానికి వాట్సాప్ ఛానెల్ పెట్టుకున్నాం. అందులో ఒకరి నంబరు ఇంకొకరికి కనిపించదు. మాటామంతీ మాత్రం పోయింది, ఆ లోటు ఈనాటికీ తీరలేదు.

ఉద్దానం కోడలు

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న సాయంత్రమే మరిది వాట్సాప్ మా చేతికి తిరిగి వచ్చింది. ఏపీకే పెట్టుకున్న ఇద్దరి ఫోన్లూ రీసెట్ చేయించాం, వాళ్లు బ్యాంకులో కాగితాలు ఇచ్చి రసీదులు తీసుకున్నారు. లింకు మార్చి, గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా చేశాం.

బొబ్బిలి వారి మాట మీద రాత్రంతా ఆలోచించాం. నూట ఇరవై మందిని ఫోనులో పలకరించి చేర్చుకోవచ్చు, కానీ మా ఆరు వందల మందిలో సగం మందిని నేను చూడనే లేదు. పొద్దుటినుంచి బోర్మా (పప్పు ఆరబెట్టే వేడి గది) దగ్గర ఉండి, పప్పు తూకం చూసుకుని, పార్సిళ్లు కట్టే మనిషికి కాపలా కాసే గంట కూడా మిగలదు. నేను కాయలేని చోటుకు జనాన్ని రమ్మని పిలవడం నాకు న్యాయం అనిపించలేదు. అందుకని మూసేస్తున్నాం. పది రోజుల గడువు ఇచ్చాం, "మళ్లీ గ్రూపు పెట్టం" అన్న వాక్యం మొదటి వరుసలోనే రాశాం. స్క్రీన్‌షాట్లు అన్నీ కాగితం మీద అచ్చు తీయించి పోలీసు ఫిర్యాదుకు జతచేశాం.

ఉపాధ్యాయురాలి చేత 1930కి ఫోను చేయించాను. పీడీఎఫ్ సంగతి చెబితే, తన పేరు వద్దని, కానీ 320 గుండు వేయించేటప్పుడు మంట తగ్గించాలన్న మాట అప్పట్లో రాయడం మరిచిపోయానని, అది చేర్చమని అన్నారు. చీటీలు రేపు కాశీబుగ్గలో అచ్చుకు ఇస్తున్నాం. కిలో సంచికి ఒకటి, పావుకిలోకి ఒకటి, మొత్తం రెండు వేలు.