కొత్త టీమ్‌కి ఐస్‌బ్రేకర్ ఆట: ఏది పనిచేసింది, ఏది బెడిసికొట్టింది?

కొత్తలీడ్:
వచ్చే వారం 18 మందితో కొత్త టీమ్ మొదలవుతోంది. కొత్తవాళ్ల మధ్య మొహమాటం పోయేలా మొదటి అరగంట ఏదైనా ఐస్‌బ్రేకర్ ఆట ఆడించమన్నారు. పోయినసారి నేను "మీరు బాగా సిగ్గుపడ్డ సంఘటన చెప్పండి" అని మొదలుపెట్టాను. మొదటావిడ నవ్వుతూ "పాస్" అంది. తర్వాత ఎనిమిది మంది వరసగా పాస్! ఏసీ చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. మీరేం చేస్తారు?

వెనకబెంచీ:
వరసగా పరిచయాలు మాత్రం వద్దు. తన వంతు దగ్గరపడేకొద్దీ ఎవరైనా లోపల రిహార్సల్ వేసుకుంటూ ఉంటారు, పక్కవాళ్ల మాట చెవికెక్కదు. 1973లోనే బ్రెన్నర్ అనే పరిశోధకుడు ప్రయోగం చేసి చూపించాడు: మన వంతుకి సరిగ్గా ముందు చెప్పినవే మనకు గుర్తుండవు. నా పక్కనాయన పేరు నాకు మూడు నెలల దాకా తెలియలేదు, అడగడానికి మొహమాటం.

ఓడలపిచ్చి:
టైటిల్ చూసి నిజం ఐస్‌బ్రేకర్ల గురించేమో, అంటే మంచుని పగలగొట్టుకుంటూ వెళ్లే ఓడల గురించేమో అనుకుని పరిగెత్తుకొచ్చా. వచ్చాను కాబట్టి ఒక ముక్క. ఐస్‌బ్రేకర్ మంచుని గుద్ది పగలగొడుతుందనుకుంటారు చాలామంది. దాని ముక్కు వాలుగా ఉంటుంది. మెల్లగా మంచు మీదికి ఎక్కుతుంది, ఓడ బరువుకి గడ్డ కిందికి విరుగుతుంది. మరీ మందంగా ఉంటే వెనక్కొచ్చి, ఊపు తీసుకుని మళ్లీ ఎక్కుతుంది. 1977 ఆగస్టు 17న సోవియట్ అణు ఓడ 'ఆర్కటిక' ఉత్తర ధ్రువానికి చేరింది ఇలాగే. నీటి మీద నడిచే ఓడల్లో అదే మొదటిది. అడుగు గుండ్రంగా ఉండటంతో మంచు లేని సముద్రంలో మాత్రం ఈ ఓడలు తెగ ఊగుతాయి, లోపలున్నవాళ్లకి వాంతులే.

కొత్తలీడ్:
అయితే నేను తిన్నగా గుద్దేశానన్నమాట 😄

మాటలతక్కువ:
నాకు నత్తి ఉంది. ఆట అనగానే టెన్షన్. ఒక్కసారి మాత్రం హాయిగా ఆడాను: బింగో లాంటి కాగితం ఇచ్చారు. గడుల్లో "ఎడమచేతి వాటం", "ఈత రాదు" అని ఉంటాయి. అలాంటివాళ్లని వెతికి సంతకం తీసుకోవాలి. ఒక్కొక్కరితో అరనిమిషం మాటలు, అందరి కళ్లూ మన మీద ఉండవు. పాస్ చెప్పొచ్చని ముందే చెప్పండి, ప్లీజ్.

వెనకబెంచీ:
బింగోకి నా ఓటు. "రెండు నిజాలు, ఒక అబద్ధం" (ఒకరు తన గురించి మూడు మాటలు చెబుతారు, అందులో అబద్ధమేదో మిగతావాళ్లు పట్టుకోవాలి) కూడా బావుంటుంది కానీ 18 మందితో గంట పడుతుంది. నలుగురేసి ఆడించండి.

కొత్తలీడ్:
బింగో ఖాయం. ఓడలపిచ్చి గారూ, ఐస్‌బ్రేకరే ఇరుక్కుపోతే?

ఓడలపిచ్చి:
కొన్నింట్లో రెండు పక్కలా నీళ్ల ట్యాంకులుంటాయి. నీళ్లు అటూ ఇటూ పంప్ చేసి ఓడని ఊపి విడిపించుకుంటారు. అదీ సరిపోని సందర్భాలున్నాయి. 2013 డిసెంబరులో అంటార్కిటికా దగ్గర ఒక రష్యన్ ఓడ చిక్కుకుంది. సాయానికి వెళ్లిన చైనా ఐస్‌బ్రేకర్ 'షుయెలాంగ్' దాని దాకా చేరలేకపోయింది. దాని హెలికాప్టరే 52 మందిని ఇంకో ఓడకి దగ్గర్లోని మంచు మీదికి చేర్చింది. ఆ తర్వాత షుయెలాంగ్ కూడా ఇరుక్కుంది.

కొత్తలీడ్:
మా హెచ్‌ఆర్ దగ్గర హెలికాప్టర్ ఉందేమో కనుక్కుంటా.